నాన్న కట్టిపెట్టిన దస్త్రం

నాన్న రిటైరైన ప్రభుత్వ బడి మేష్టారు. 2023లో ఒక నెలాఖరున పోయారు. కర్మలు ఇంకా పూర్తికాలేదు, దూరపు చుట్టం ఒకాయన, నాకు మామయ్య వరస, వీధరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని మెల్లిగా చెప్పాడు. “ట్రెజరీవోళ్ళకి ఇప్పుడే సెప్పకురా. కార్డు నీ కాడే ఉంది కదా. రెండు నెలలు తీసుకో, కర్మల కర్సుకి అక్కరకొస్తాది. తరవాత ఎలాగూ ఆపేస్తారు.”

ఆయన్ని తప్పుపట్టాలని రాయడం లేదు. మామీద ప్రేమతోనే చెప్పాడు. పైగా ఒకటో తారీకున నాన్న ఖాతాలో నెల మొత్తం పెన్షన్ పడింది కూడా. ట్రెజరీలో బిల్లులు నెలాఖరుకి ముందే తయారైపోతాయి కాబట్టి చివరి రోజుల్లో పోయినవాళ్ళ ఖాతాల్లో ఇలా పడిపోతుంటుంది. కార్డు నా జేబులోనే ఉంది, పిన్ను ఇంటిల్లిపాదికీ తెలుసు.

గుమ్మంలోంచి అమ్మ వింటూనే ఉంది. మామయ్య వెళ్ళాక, “మీ నాన్న పెట్టెలో ఏదో రాసెట్టారు. ముందదేటో సూడు. తరవాత ఎవల మాటైనా విను” అంది.

పెట్టె అంటే మా ఇంట్లో అందరికీ తెలిసిన ఆకుపచ్చ రేకుపెట్టె. అందులో డబ్బులుంటాయని చిన్నప్పుడు అప్పా (మా వైపు అక్కని అప్ప అంటాం), నేనూ, చెల్లీ గట్టిగా నమ్మేవాళ్ళం. తీసి చూస్తే అన్నీ కాగితాలే. పైన ఒక అట్ట ఫైలు, దానికి తెల్ల ట్యాగు. మొదటి పేజీలో ఆయన గుండ్రటి దస్తూరీతో, నీలిసిరాతో, “నా తరువాత చేయవలసిన పనులు” అని రాసి కింద స్కేలు పెట్టి గీత గీశారు. ఒకటో అంకె నుంచి వరసగా పనులు. ఏ పనికి ఏ కాగితం కావాలో, అది ఫైల్లో ఎన్నో పేజీలో ఉందో పక్కన మార్జిన్లో వేశారు.

మొదటిది మరణ ధ్రువీకరణ పత్రం. “21 రోజుల లోపల నమోదు చేయిస్తే రుసుము లేదు. ఇంటిదగ్గర పోతే పంచాయతీలో చెప్పాలి, ఆసుపత్రిలో పోతే వాళ్ళే చూసుకుంటారు. నా పేరు ఆధార్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, అక్షరం తేడా లేకుండా రాయించాలి. నకళ్ళు నాలుగు ఎక్కువే తీసుకో.”

ఇలాంటి పనుల మీద తిరగబోయేవాళ్ళకి నేను చెప్పగలిగిన అసలు సంగతి ఈ పేరు గురించే. సర్వీసు రిజిస్టరులో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఒకలా, పట్టాదారు పాసుపుస్తకంలో ఇంకోలా ఉంటుంది మనవాళ్ళ పేరు. మనిషి బతికుండగా ఎవరూ అడగరు. పోయాక ప్రతి కౌంటరు దగ్గరా ఆ మూడు పేర్లూ ఒకే మనిషివని మనం రుజువు చేసుకోవాలి. మా పెదనాన్న కొడుకు ఇంటిపేరు ముందుందా వెనకుందా అన్నదాని మీద ఎన్నాళ్ళు తిరిగాడో నేను చూశాను. నాన్న డెబ్భై ఏళ్ళు దాటాక ఆధార్ కేంద్రానికి వెళ్ళి క్యూలో నించుని తన పేరు సరిచేయించుకున్నారు. “ఈ వయసులో నీకెందుకీ పని” అని అప్పట్లో నేనే విసుక్కున్నాను. “ఇప్పుడైతే నేనే సంతకం పెట్టగలను కదా” అన్నారు.

ఆయన 1948లో పుట్టారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, 1950 ఆగస్టు 15న విశాఖ జిల్లా నుంచి విడదీశారు. “మద్రాసు రాష్ట్రంలో పుట్టి, ఆంధ్ర రాష్ట్రంలో అక్షరాలు దిద్ది, ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగం వెలగబెట్టాను, ఊరు మాత్రం దాటలేదు” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఊరు దాటలేదన్నది నిజం కాదు. సర్వీసులో చాలా భాగం సీతంపేట కొండల్లో, సవర గిరిజనుల ఊళ్ళ బళ్ళలో గడిచింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చి సీతంపేట, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళినప్పుడు పేపరు మడిచి, “నేను పనిచేసిన బళ్ళన్నీ నన్నొదిలేసి పోయాయే” అని నవ్వారు.

సోమవారం తెల్లారుజామున పాలకొండ బస్సెక్కితే శనివారం చీకటిపడ్డాకే ఇంటికి రావడం. వర్షాకాలంలో బస్సు దిగాక నడకే. వస్తూ సీతంపేట అనాసపళ్ళు తెచ్చేవారు, ఆ వాసనకే నాన్నొచ్చారని మాకు తెలిసిపోయేది. కొండ పిల్లలకి తెలుగు రాదు, తనకి సవర రాదు, అలాంటప్పుడు పాఠం ఎవరికి చెబుతున్నట్టు అని మొదటి ఏడే ఆ భాష నేర్చుకున్నారు. గిడుగు రామమూర్తిగారి పటం మా వసారాలో దేవుడి పటాల వరసలోనే ఉండేది. వాడుక తెలుగు కోసం పోరాడినాయనని లోకం తలుచుకుంటుంది. సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసినాయనని నాన్న తలుచుకునేవారు. గిడుగువారు పుట్టిన పర్వతాలపేట మా జిల్లాలోదే కావడం ఆయనకి అదో గర్వం.

ఊరి దగ్గరకి బదిలీ చేయించుకోవచ్చు. అప్పట్లో ఒక సిఫారసు ఉత్తరం చాలునని చెప్పేవారు. నాన్న అడగలేదు. ముగ్గురు పిల్లలు, పొలం పని, అన్నీ వారానికి ఆరు రోజులు అమ్మ ఒక్కత్తీ లాక్కొచ్చింది. “లోకానికి మేష్టారు, నాకు శనారం సుట్టం” అనేది. ఇప్పటికీ అంటుంది. నాన్న విలువల గురించి మాట్లాడేటప్పుడు వాటి ఖర్చులో పెద్ద భాగం అమ్మ కట్టిందన్నది వదిలేస్తే అది పూర్తి లెక్క కాదు. సిఫారసు అడిగి ఉంటే కొంపలేమీ మునిగేవి కావని నాకిప్పటికీ అనిపిస్తుంది.

పేజీలో రెండో పని పెన్షన్. “పోయిన సంగతి వెంటనే సబ్ ట్రెజరీలో రాతపూర్వకంగా ఇవ్వాలి. పోయిన రోజు తరువాతి రోజులకి సొమ్ము పడితే అది మనది కాదు.” మామయ్య మాటకి అక్కడే జవాబు దొరికింది.

కావలసిన కాగితాలన్నీ ఫైల్లో ఉన్నాయి. పీపీవో, అంటే పెన్షన్ మంజూరు పత్రం, దాని నకలు, అందులో నాన్నా అమ్మా కలిసి దిగిన ఫొటో. అమ్మ ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్ళు. మరణ పత్రం జత చేసి, ఫ్యామిలీ పెన్షన్‌కి అమ్మచేత దరఖాస్తు పెట్టించాం. ఉద్యోగి ఆఖరి మూలవేతనంలో 30 శాతం భార్యకి ఫ్యామిలీ పెన్షన్‌గా వస్తుంది, దానిమీద కరువు భత్యం. మనిషి 65 ఏళ్ళలోపు పోతే కొంతకాలం ఎక్కువ ఇస్తారు, నాన్నకి ఆ వయసు దాటేసింది. దహన సంస్కారాల ఖర్చు కింద ప్రభుత్వం ఇచ్చే సొమ్ముకీ అక్కడే అర్జీ పెట్టుకోవాలి. ఇది చాలామందికి తెలియదు, అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని కూడా అమ్మ రాసివ్వాలి. దరఖాస్తుతోపాటు ఒక చిన్న ఫారం. నేను మొహమాటపడుతూ చదివి వినిపించాను. అమ్మకి అరవై ఎనిమిది. కళ్ళజోడు సవరించుకుని, “ఉన్నాయనతోటే ఏగలేక సచ్చాను, ఇంకోడా?” అంది. పోయినప్పట్నుంచీ ఇంట్లో అందరం నవ్వింది ఆ రోజే.

ఎక్కువ పడిన రోజుల సొమ్ము వెనక్కి ఎలా కట్టాలని అడిగితే కౌంటర్లో ఆయన తలెత్తి చూశాడు. కొద్ది రోజుల డబ్బే. “అమ్మగారికి రావలసినదాంట్లో సర్దేస్తాం లెండి” అన్నాడు, సర్దారు కూడా.

ఆ తర్వాత ఫైలు కదల్లేదు. ఈ వారం సారు లేరు, వచ్చే వారం సర్వరు లేదు. బయట జిరాక్సు కొట్టు దగ్గర ఒకాయన తనే పలకరించి, రెండువేలైతే వారంలో తెప్పిస్తానన్నాడు. అది లోపలివాళ్ళకి తెలిసి అడిగాడో, సొంతంగా అడిగాడో నాకు తెలీదు. అప్పటికే విసిగి ఉన్నాను. వైజాగ్‌లో ఉద్యోగం, ప్రతిసారీ సెలవు పెట్టుకుని రావాలి. రెండువేలు ఒక లెక్క కాదు. ఇంటికొచ్చి ఫైలు తీశాను. రెండో పనికింద చివర్లో చిన్నక్షరాలతో ఉంది. “ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు. ఆలస్యమైతే అవనీ. ఆరు నెలల వరకు అమ్మ ఖర్చుకి సరిపడా పోస్టాఫీసులో ఇద్దరి పేరునా వేసి ఉంచాను. పుస్తకం 31వ పేజీ వెనక.”

ముప్పైఒకటో పేజీ వెనక కవర్లో ఆ పుస్తకం ఉంది. నిజాయితీగా ఉండమని చెప్పినవాళ్ళని నేను చాలామందిని చూశాను. అలా ఉంటే అయ్యే ఖర్చేమిటో లెక్కగట్టి, ఆ సొమ్ము ముందే తీసిపెట్టి వెళ్ళినవాణ్ణి ఈయన్నే చూశాను. పెన్షన్ మీద ఆధారపడ్డ మనిషికి ఒకటో తారీకు రాకపోతే నియమాలు గుర్తుండవని ఆయనకి తెలుసు. మాకు ఆ గతి పట్టకుండా చూసుకున్నారు. జిరాక్సు కొట్టాయనకి నేనింక దొరకలేదు. చలికాలం మొదలయ్యాక అమ్మ ఖాతాలో బకాయిలతో సహా పడింది. పోస్టాఫీసు డబ్బు ఇంకా కాస్త మిగిలింది. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో తను బతికే ఉన్నానని అమ్మ వేలిముద్ర వేసి రావాలి, అదొక్కటి మరిచిపోకూడదు.

ఇక పొలం. నారాయణపురం ఆనకట్ట కాలువ కింద మూడెకరాల పల్లం. తాత దగ్గర్నుంచి వచ్చింది. మా ఊళ్ళో రీసర్వే అయిపోయింది, పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లొచ్చాయి. కాబట్టి పాత పాసుపుస్తకం పట్టుకెళ్తే సరిపోదు, కొత్త నంబరూ విస్తీర్ణమూ 1-బిలో, అంటే ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రెవెన్యూ రికార్డులో, ఎలా ఉన్నాయో ముందు చూసుకోవాలి. చూస్తే పాత దస్తావేజుకీ దానికీ సెంటు తేడా లేదు. ఎలా సరిపోయిందో ఫైల్లో ఇంకో కాగితం చెప్పింది.

రీసర్వేలో మొదట మా కమతానికి మూడు సెంట్లు ఎక్కువ పడింది. పక్క చేను రైతుది అంతే తగ్గింది. నాన్న గ్రామ సచివాలయానికి వెళ్ళి, తన భూమి ఎక్కువ చూపించారని, తగ్గించమని అర్జీ పెట్టారు. నకలు మీద అందినట్టు ముద్ర ఉంది. అందరూ తగ్గిందని వచ్చేచోటికి ఈయన పెరిగిందని వెళ్ళారు. ఇందులో నాకు ముచ్చటేసిన సంగతి వేరే. ఆ పక్క చేను రైతుతో నాన్నకి మాటల్లేవు. పదిహేనేళ్ళ కిందటి గట్టు తగవు. వీళ్ళ నీళ్ళు వాళ్ళు కట్టేశారనో, వాళ్ళ గట్టు వీళ్ళు చెక్కారనో. మూడు సెంట్లూ తిరిగిపోయాక కూడా ఆయనతో మాట్లాడలేదు. “భూమి ఆడిది, ఇచ్చేశాను. మాట నాది, ఇవ్వను” అన్నారట అమ్మతో. మా నాన్న మంచితనం అలాంటిది, మెత్తగా ఉండదు.

కుటుంబ సభ్యుల ధ్రువీకరణకి దరఖాస్తు పెట్టాక వీఆర్వో ఇంటికొచ్చారు. వారసులెవరెవరో ఇరుగుపొరుగు చేత చెప్పించుకుని పంచనామా రాస్తారు, అది పైకి వెళ్ళి తహశీల్దారు సంతకంతో వస్తుంది. సాక్షిగా ఎవర్ని పిలవాలా అనుకుంటుండగా ఆ పక్క చేను ఆయనే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అడగకుండానే సంతకం పెట్టాడు. వెళ్తూ, “మీ నాన్న మొండోడు బాబూ” అని మాత్రం అన్నాడు.

వారసులం నలుగురం. అమ్మ, అప్ప, నేను, చెల్లి. ఆడపిల్లలు చిన్న కాగితం మీద సంతకం పెట్టేసి అన్నదమ్ములకి వదిలేయడం మా వైపు మామూలే. పెళ్ళికి పెట్టాం కదా అంటారు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా హక్కు కేంద్ర చట్టం 2005లో ఇచ్చింది. పెళ్ళికాని కూతుళ్ళకైతే మన రాష్ట్రం 1985 సెప్టెంబరు నుంచే ఇచ్చింది. చట్టం వేరు, అరుగు మీద మాట వేరు. నాన్న పేజీలో దీనికి రెండే ముక్కలున్నాయి. “సంతకం పెట్టమని అడగకు. వాటా ఎటువైపు కావాలో అడుగు.”

ఈ రెండు ముక్కల వెనక ఏముందో నాకు ధాన్యం లెక్కల పుస్తకం చూశాక తెలిసింది.

మా మేనత్తది కొత్తూరు దగ్గర ఊరు. ప్రతి సంక్రాంతికీ నాన్న ఆవిడకి ధాన్యం బస్తాలు పంపేవారు. ఆడపడుచుకి పుట్టింటి సారె అనుకునేవాళ్ళం. పుస్తకం 1975లో మొదలవుతుంది. ఎడమవైపు ఆ ఏడు పంట, దానికింద విత్తనం, ఎరువు, కూలి, నూర్పు తీసివేత. మిగిలినదాన్ని నాలుగు పెట్టి భాగించి, వచ్చినదాని ఎదురుగా “అప్పకు” అని. ఒక ఏడు తొమ్మిది బస్తాలు, ఒక ఏడు ఎనిమిదీ చిల్లర. హుద్‌హుద్ వచ్చిన 2014లో మూడు. తిత్లీ ఏడు, 2018లో, రెండున్నర. అప్పటికి అత్త పోయింది, ఆ రెండున్నరా ఆవిడ కొడుక్కి, మా బావకి వెళ్ళాయి. సారె అయితే ఏటా ఒకేలా పంపుతారు. ఇది పంటతోపాటు పెరిగింది, పంటతోపాటు తరిగింది.

నాలుగోవంతు ఎందుకో అమ్మ చెప్పింది. తాత 1974లో పోయారు. నాన్నా అత్తా ఇద్దరే. పెద్దలు కూర్చుని అత్తచేత తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించారు. నాన్నకి ఇరవయ్యారేళ్ళు, పక్కనే ఉన్నారు. తర్వాత 1956 హిందూ వారసత్వ చట్టం చదువుకున్నారు. తాతా నాన్నా ఉమ్మడిగా ఉన్న ఆస్తిలో తాత సగం, ఆ సగంలో కొడుకూ కూతురూ సమానం. అంటే అత్తకి పావు. రిజిస్టరు చేసిస్తానంటే అత్త ఒప్పుకోలేదట. పుట్టింట్లో మడి తీసుకున్న ఆడపిల్లకి పుట్టింటి గుమ్మం ఉండదని ఆవిడ భయం. భూమి వద్దన్నావిడకి పంట కాదనే వీలు లేకుండా యాభై ఏళ్ళకి ఒక్క ఏడు తక్కువగా కొలిచి పంపారు. మాతో ఎప్పుడూ అనలేదు. అత్తకి తెలిసే తీసుకుందని నా అనుమానం. ఒకసారి బస్తాలు దింపుతుంటే “ఈ ఏడు బాగా పండినట్టుంది తమ్మా” అనడం నేను విన్నాను.

పుస్తకం అప్పకీ చెల్లికీ చూపించాను. అప్ప అంతకుముందే, “నాకొద్దురా, నువ్వే ఉంచుకో” అని ఉంది. చదివాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. చెల్లి రోడ్డువార ముక్క కావాలంది. మూడెకరాల్లో ధర పలికేది ఆ ముక్కే, నాకు కొంచెం గుచ్చుకుంది. చెల్లెలి భర్త ఫోన్లో వెనకనుంచి చెబుతున్నాడని కూడా అనుకున్నాను. చివరికి అమ్మ చీట్లు వేయించింది. రోడ్డువార ముక్క చెల్లికే పడింది.

పంపకం దస్తావేజు రిజిస్టరు చేయించి, గ్రామ సర్వేయరుతో ఎల్‌పీఎం నాలుగు ముక్కలుగా విడగొట్టించి, రికార్డుల్లో పేర్లు మార్చే మ్యుటేషన్‌కి పెట్టాం. అభ్యంతరాలుంటే చెప్పమని ఊళ్ళో నోటీసు పెడతారు. గడువు దాటాక ఉత్తర్వు. ఇక్కడ పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు, ఓపిక ఒకటే కావాలి.

అత్త కొడుకు, మా బావకి రావలసిన పావు సంగతి మిగిలింది. ఆయన్ని పిలిచి పుస్తకం ముందు పెట్టి, మీ వాటా కూడా విడదీసేద్దామన్నాం. బావ చాలాసేపు పేజీలు తిప్పాడు. “ఇన్నాళ్ళూ నడిచినట్టే నడవనీండి” అన్నాడు. ఈ సంక్రాంతికి అమ్మా, అప్పా, నేనూ మా మా ముక్కల పంటలోంచి కొలిచి పంపాం. చెల్లి ఇంకా పంపలేదు. కౌలు డబ్బు రాగానే ఇస్తానంది.

కొత్త 1-బి ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో తీసి చూస్తే నాలుగు ఖాతాలూ విడివిడిగా ఉన్నాయి. అమ్మ పేరులో మాత్రం ‘ళ’ బదులు ‘ల’ పడింది. సరిచేయమని అర్జీ రాసి అమ్మకి ఇచ్చాను. పైనుంచి కిందకి చదివి, “తేదీ ఏదీ?” అని వెనక్కి ఇచ్చింది.